పన్నెండు నిండు సీసాలు

ఎలుకలమ్మకి మరిదంటే గిట్టదన్న సంగతి గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పైఅంతస్తులో పెద్ద డాక్టరు దాకా ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియకుండా ఉండడానికి ఆవిడేమన్నా నోరు కుట్టేసుకుందా? ఏడేళ్ళుగా రోజుకి ఒక్కసారైనా "ఆ అబద్ధాలకోరు" అనందే ఆవిడకి తిన్నది అరగదు. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంటుంది గానీ ఎవరూ పిలవరు. కింద ఎలుకల గదికి ఆవిడే రాణి. గోడ పొడుగునా పంజరాలు, పంజరానికి ఆరు తెల్ల ఎలుకలు. వాటికి తిండి పెట్టడం, పొట్టు మార్చడం, ఏది ఎప్పుడు చచ్చిందో రాయడం ఆవిడ పని. రోజుకి నాలుగుసార్లు చూస్తుంది. ఆవిడ రాసిన అంకె మీద ఇంతవరకూ ఎవరూ వేలు పెట్టలేదు.

ఆ ఆఫీసు చేసే పనేమిటంటే, పచ్చజ్వరం ఈ భూమ్మీద ఎక్కడెక్కడ తిరిగిందో పటం గీయడం. మాయదారి జ్వరం అది. కళ్ళు పసుపుపచ్చగా అయిపోతాయి, నల్లగా వాంతవుతుంది, ఆపైన మనిషి పోతే పోతాడు. బతికి బయటపడితే మాత్రం జన్మలో మళ్ళీ రాదు, ఆ బలం రక్తంలో ఉండిపోతుంది. అందుకని ఊరూరా తిరిగి జనం దగ్గర రక్తం తీస్తారు. గడ్డకట్టిన రక్తం మీద తేలిన పచ్చటి నీటిని, అంటే సీరాన్ని, జ్వరం విషంతో కలిపి ఎలుకలకి ఎక్కిస్తారు. పది రోజులకీ ఎలుకలు బతికే ఉంటే ఆ మనిషికి ఎప్పుడో జ్వరం వచ్చిపోయినట్టు. వారం తిరక్కుండా చస్తే రానట్టు. ముసలివాళ్ళ రక్తానికే బలం ఉంటే, ఆ ఊరికి జ్వరం వాళ్ళ చిన్నప్పుడు వచ్చి వెళ్ళిపోయిందన్నమాట. ఐదారేళ్ళ పిల్లల రక్తానికీ బలం ఉందంటే, అది ఇంకా ఆ ఊళ్ళో కాపురం చేస్తోందన్నమాట. మొదటి రకం ఊరికి పటంలో తెల్ల గుండుసూది, రెండో రకానికి ఎర్రది. కాబట్టి మొత్తం వ్యవహారం చిన్నపిల్లల సీసాల మీదే ఆధారపడి ఉంటుంది. సముద్రాలకి అటూ ఇటూ ఇలాంటి ఆఫీసులు ఇంకా ఉన్నాయి, అన్ని పటాలూ కలిపి ఒక్కటి చేస్తారు.

ఇక మరిది సంగతి. సూదిబాబు అంటారతన్ని, రక్తం తీసేవాడు. ఒకప్పుడు ఎలుకలమ్మ మొగుడిదీ అదే పని. అన్నదమ్ములిద్దరూ సూదిపెట్టెలు భుజాన వేసుకుని వంతులవారీగా ఊళ్ళకి వెళ్ళేవారు. ఏడేళ్ళ కిందట తమ్ముడి వంతు వచ్చిన రోజున తమ్ముడికి కడుపునొప్పి వచ్చింది. "పోన్లే, పడుకో" అని అన్న వెళ్ళాడు. అక్కడ పచ్చజ్వరం తగిలి పోయాడు; మనిషి తిరిగి రాలేదు, పెట్టె వచ్చింది. అది వచ్చిన పూట మరిది పీట వేసుకుని శుభ్రంగా అన్నం తినడం ఆవిడ కళ్ళారా చూసింది. కడుపునొప్పి ఏమైందిరా అంటే, "తగ్గింది వదినా" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచీ అతను తూర్పున పొద్దు పొడిచిందన్నా ఆవిడ నమ్మదు. తను నమ్మకపోవడం ఒక్కటే కాదు, ఇంకెవర్నీ నమ్మనివ్వదు.

ఆవిడకున్నది ఒక్కగానొక్క కూతురు, చిట్టి. నర్సు పని నేర్చుకుని, ఏటి మలుపులో ఉన్న ఊళ్ళో కొత్త ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. లాంచీలో రెండు రోజుల దూరం. ఈ శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికి ప్రయాణం. ఎలుకలమ్మ ముందు గయ్యిమంది. కానీ ఆవిడ గుండె నిబ్బరానికి రెండు కారణాలు దొరికాయి. ఒకటి, పెద్ద డాక్టరు తన చేతుల మీదుగా తయారు చేయించిన కొత్త టీకా. ఊళ్ళు తిరిగే సిబ్బందికీ నర్సులకీ మూడు నెలల కిందటే వేశారు, చిట్టికీ వేశారు. రెండు, ఆ ఊరి సీసాలు ఈమధ్యే వచ్చాయి. పిల్లల సీసాలు పన్నెండింటి ఫలితమూ తేలిపోయింది: పన్నెండు ఆర్లు డెబ్భై రెండు ఎలుకలు, ఏడో రోజుకల్లా ఒక్కటి మిగల్లేదు. పెద్ద డాక్టరు మురిసిపోతూ ఆ ఊరికి తెల్ల గుండుసూది గుచ్చాడు. సోమవారం ఓడలో పటం వెళ్ళిపోవాలి.

గురువారం పొద్దున ఐసుపెట్టె సర్దుతుంటే ఆ పన్నెండు సీసాలూ ఎలుకలమ్మ చేతికి తగిలాయి. సీరం కొంత వాడేశాక కూడా ఒక్కోదాంట్లో మెడకి రెండు వేళ్ళ కిందిదాకా ఉంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్ళుగా పిల్లల సీసాలు చూస్తోంది. ఆరేళ్ళ పిల్ల దగ్గర రక్తం తీయడమంటే మాటలా? తల్లి రెక్కలు పట్టుకోవాలి, తండ్రి కాళ్ళు పట్టుకోవాలి, ఆ పిల్ల ఊరు లేచిపోయేలా ఏడ్చి గింజుకుంటుంది. సీసాలో సగం వస్తే గొప్ప. ఇవేమో పన్నెండుకి పన్నెండూ నిండు సీసాలు. పన్నెండు మంది పిల్లలూ చెయ్యి చాపి కిమ్మనకుండా కూర్చున్నారా? ఎవరి చెవిలో పువ్వు పెడదామని!

పక్క ఆసుపత్రివాళ్ళ కోసం రక్తపు గ్రూపులు చూసే సరంజామా ఆ గదిలోనే ఉంటుంది. రెండు బుడ్లు, ఒకదాంట్లో ఏ గ్రూపు రక్తం, ఇంకోదాంట్లో బీ. మనిషి సీరం ఒక చుక్క దీంతో, ఒక చుక్క దాంతో కలిపితే పడని రక్తం పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విరిగిపోతుంది. మామూలుగా ఎవరి సీరమైనా ఏదో ఒకదాన్ని విరుస్తుంది, చాలామందిది రెండింటినీ విరుస్తుంది. ఆవిడ తలుపు గడియ వేసి గాజుపలక తుడిచి కూర్చుంది. మొదటి సీసా రెంటినీ విరవలేదు. రెండోదీ విరవలేదు. మూడు, నాలుగు, ఏడు, పన్నెండు. ఒక్కటంటే ఒక్కటి విరవలేదు. అలాంటి ఏబీ రక్తం వందమందిలో ఏ అయిదారుగురికో ఉంటుంది. పన్నెండిళ్ళ పిల్లలకి వరసపెట్టి ఉండడం కల్ల.

ఆఫీసు మొత్తంలో ఆ రక్తం ఉన్నది ఒక్కడికే. ఆ గ్రూపువాడికి ఎవరి రక్తం ఎక్కించినా సరిపోతుంది, వాడిది మాత్రం వాడి రకంవాళ్ళకి తప్ప పనికిరాదు. రెండేళ్ళ కిందట అందరి గ్రూపులూ చూసినప్పుడు ఎలుకలమ్మే వరండాలో అందరూ వినేట్టు అంది, "అదేం రోగం! అందరి దగ్గరా పుచ్చుకునే రకమే గానీ ఒకరికి ఇచ్చే రకం కాదుగా ఈయన" అని. అందరూ పడీపడీ నవ్వారు. సూదిబాబు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

చెప్పొద్దూ, ఆవిడకి సంతోషం ఆగలేదు. ఏడేళ్ళకి దొరికాడు, అదీ సీరంతో సహా! చేతులు కడుక్కుని, కొంగు బిగించి, వెనక పెరట్లోకి నడిచింది. అతను పొయ్యి మీద గిన్నెలో సూదులు మరగబెడుతున్నాడు.

"ఇదిగో, ఏటి మలుపు పిల్లలు బాగున్నారా?" అంది.

అతను తలెత్తాడు. వదిన తనంతట తను పలకరిస్తే అనుమానం రావాల్సిందే. "బాగానే ఉన్నారు."

"పాపం, సీసా నిండా ఇచ్చారే! అల్లరి చెయ్యలేదా?"

"ఏం కావాలి వదినా నీకు?"

"నీ చొక్కా చెయ్యి పైకి లాగు, చూస్తాను. పన్నెండు సీసాలు పిండుకున్నావుగా, మచ్చలన్నా ఉంటాయి."

అతను ఏవో రెండు సాకులు చెప్పబోయాడు. ఆవిడ గాజుపలక తీసుకొచ్చి ముక్కు ముందు పెట్టేసరికి చతికిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటావు? ఏటి ఒడ్డు గుడిసెల్లో అడుగు పెట్టనివ్వలేదు. పిల్లల నెత్తురు తాగడానికొచ్చావా అని ఆడవాళ్ళు చీపుళ్ళు తీసుకుని వెంటబడ్డారు. ఒకావిడ కాలే నీళ్ళు పోసింది, ఇదిగో కాలు. పెద్ద డాక్టరేమో పిల్లల సీసాలు లేకుండా నీ మొహం చూపించకు అన్నాడు. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా జ్వరం లేదని పెద్దలందరూ చెబుతూనే ఉన్నారు. ఎవరి సీసాలైనా అదే తేలుతుందనుకున్నాను."

"అనుకున్నావు! నువ్వు అనుకుంటే చాలు, ఊరికి జ్వరం లేకుండా పోతుంది. ఈసారీ కడుపునొప్పి అని పడుకోలేకపోయావా? నీ బదులు పోవడానికి అన్న లేడనా?"

అతని మొహం నల్లబడింది. "పో. వెళ్ళి చెప్పుకో. ఎప్పుడెప్పుడా అని కాచుకుని కూర్చున్నావు."

"చెప్పకుండా వదులుతానా?"

ఆవిడ మెట్లెక్కిన తీరు చూస్తే ఆ కాళ్ళకి వాతపు నొప్పులున్నాయని ఎవరూ అనుకోరు. పెద్ద డాక్టరు పటం ముందు నిలబడి గుండుసూదులు సరిచేసుకుంటున్నాడు. ఆవిడ ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. గాజుపలక చూపించింది, నిండు సీసాలు బల్ల మీద వరసగా పెట్టింది. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, "వెధవ" అన్నాడు. తెల్ల గుండుసూది పీకి బల్ల మీద పడేశాడు. "సరే, ఆ ఊరు ఖాళీగా వదిలేద్దాం. వీణ్ణి ఈ పూటే పంపించేస్తాను. నీ కూతురి గురించి బెంగ పెట్టుకోకమ్మా. అక్కడ జ్వరం ఉన్నా ఆ పిల్లకేం భయం? టీకా వేయించుకుందిగా. ఊళ్ళు తిరిగేవాళ్ళందరూ వేయించుకున్నారు."

ఎలుకలమ్మ సరేనని గుమ్మం దాకా వచ్చింది. వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఊళ్ళు తిరిగేవాళ్ళందరూ వేయించుకున్నారు. మరిది ఊళ్ళు తిరిగేవాడు. టీకా పడితే రక్తానికి బలం రావాలి. బలం వస్తే ఎలుకలు బతకాలి. డెబ్భై రెండు ఎలుకలు! వెనక్కి తిరిగింది.

"అయ్యా, టీకా వేసుకున్నవాడి సీరం ఒక్క ఎలుకనీ కాపాడలేదేం?" అంది.

ఆయనకి అర్థం కావడానికి అరక్షణం కూడా పట్టలేదు. సూదిబాబుని పిలిపించాడు.

పుస్తకంలో అతని పేరు ఎదురుగా టీకా పడినట్టు టిక్కు ఉంది. కానీ ఆ పుస్తకం రాసిందీ అతనే, ఆ రోజు అందరికీ టీకాలు వేసిందీ అతనే, చిట్టికి వేసిందీ అతనే. తనకి తను వేసుకున్నాడో లేదో చూసినవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు గొంతు మెత్తగా చేసుకుని అడిగాడు. "చూడు, భయం ఎవరికైనా ఉంటుంది. నువ్వు వేసుకోకుండా టిక్కు పెట్టి ఉంటావు. అవునా? ఒక్క మాట చెప్పు. ఒప్పుకున్నందుకు నిన్ను పంపించెయ్యను, ఇంకో ఆఫీసుకి మారుస్తాను. ఇక్కడితో పోతుంది."

ఎలుకలమ్మ మరిది మొహంలోకి చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అతను పిరికివాడై ఉండాలని కోరుకుంది. వేసుకోలేదని చెప్పరా. నీ భయం, నీ కడుపునొప్పులు అన్నీ క్షమిస్తాను, వేసుకోలేదని చెప్పు. అప్పుడు టీకా మంచిదే. నా బిడ్డ క్షేమం.

"వేసుకున్నానండీ," అన్నాడు సూదిబాబు. "అందరికంటే ముందు నేనే వేసుకున్నాను. అన్నయ్య పోయినట్టు పోతానేమోనని భయం."

"అబద్ధం!" పెద్ద డాక్టరు బల్ల గుద్దాడు.

"ఉద్యోగం తీసెయ్యండి. కానీ ఆ పెట్టెలో మందుకి బలం లేదు. అదే మందు నేను మా చిట్టికీ పొడిచాను."

"పన్నెండు మంది పిల్లల్ని పుట్టించినవాడివి, నీ మాట ఎవడు నమ్ముతాడు? ఏమ్మా, వీడు నోరు తెరిస్తే అబద్ధమేనని ఏడేళ్ళుగా అంటున్నది నువ్వు కాదూ?"

"నేనే అన్నాను," అంది ఆవిడ. "ఇప్పుడూ అంటాను. కానీ తనకి లాభం లేని అబద్ధం ఈ మనిషి ఎన్నడూ ఆడలేదు. ఈ మాట నిజం."

"చూశారా! దొంగకి వదిన సాక్ష్యం." ఆయన చెయ్యి ఊపాడు. టీకా ఆయన పేరు మీద పటంతో పాటే సముద్రం దాటబోతోంది, ఇంకేం వింటాడు? "ఇద్దరూ బయటికి నడవండి."

ఇంటికెళ్ళి ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున ఎంత మొత్తుకున్నా చిట్టి వినలేదు. మాట్లాడుతూనే పెట్టె సర్దుకుంది. రేవులో లాంచీ కూత వేసేదాకా తల్లీకూతుళ్ళ పోట్లాట తెగలేదు. సూదిబాబు కూడా వచ్చాడు, సూదిపెట్టె పట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడి.

"ఎక్కకే, నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది ఎలుకలమ్మ. "పది రోజులాగు. నీ రక్తం ఎలుకలకి వేసి చూస్తాను."

"పది రోజులాగితే ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇస్తారు. దేనికాగాలి? బాబాయి చెప్పాడనా?"

"అవును, నిజమే చెప్పాడు."

చిట్టి తల్లిని ఎగాదిగా చూసింది. "బాబాయి పిరికివాడు, నాన్నని చంపింది ఆ పిరికితనమే, ఆయన మాట నమ్మితే గోతిలో పడతావు అని నాకు నూరిపోసింది నువ్వే కదమ్మా? పదిహేనేళ్ళప్పటి నుంచీ వింటున్నాను. ఆయన మాట్లాడిస్తే పలకనివ్వలేదు. ఇప్పుడు ఆయన మాట పట్టుకుని వచ్చిన ఉద్యోగం వదులుకోమంటావా? సూది చూసి ఆయనే భయపడి ఉంటాడు. నువ్వు చెప్పిన మనిషి అలాంటివాడే మరి."

ఎలుకలమ్మ ఏ మాట అందామన్నా తను అన్నదే ఎదురొస్తోంది.

"నీ తృప్తి కోసం రక్తం ఇస్తాను, తీసుకో," అని చిట్టి చెయ్యి చాపింది. సూదిబాబు రేవు మెట్ల మీద మోకాళ్ళు ఆనించి తీశాడు. ఒక్క పోటుకే తీశాడు. లాంచీ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే పెద్ద డాక్టరుకి తెలియకుండా ఆవిడ ఆరు ఎలుకలకి ఆ సీరం ఎక్కించింది. ఇక ఆ పంజరం ముందు నుంచి కదల్లేదు. అయిదు రోజులు ఆరూ చక్కగా తిరిగాయి, తిన్నాయి. ఆవిడ మొక్కని దేవుడు లేడు. మరిది అబద్ధమాడి ఉండాలనీ, తనే పెద్ద డాక్టరు కాళ్ళ మీద పడి క్షమాపణ చెప్పుకోవాల్సిన రోజు రావాలనీ మొక్కింది. ఆరో రోజు పొద్దున ఒకటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూల ముడుచుకుంది. మధ్యాహ్నానికి వెనక కాళ్ళు ఈడ్చింది. ఏడో రోజు పది గంటలకి ఆరూ చచ్చి ఉన్నాయి.

ఆవిడ పంజరం ఎత్తుకుని పైకెళ్ళి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన వాసనకి ముక్కు మూసుకుని, చీటీ మీద పేరు చదివి, కుర్చీలో కూలబడ్డాడు.

"మీరు నమ్మలేదు, నా కూతురూ నమ్మలేదు," అంది. "మిమ్మల్ని తిట్టాలని వచ్చాను గానీ తిట్టడానికి నోరు రావడం లేదు. నమ్మొద్దని మీ అందరికీ నేర్పింది నేనేగా. ఇప్పుడన్నా తంతి కొట్టండి."

ఆయన కొట్టాడు. టీకా పడిన ప్రతి ఒక్కర్నీ వెనక్కి రమ్మని అన్ని ఊళ్ళకీ కొట్టాడు. ఏటి మలుపు నుంచి జవాబు సాయంత్రం నాలుగింటికి వచ్చింది. అప్పటికి ఎలుకలమ్మ తంతి ఆఫీసు అరుగు మీదే కూర్చుని ఉంది. ఉద్యోగం పోయిన సూదిబాబు అరుగు రెండో చివర కూర్చున్నాడు. గుమాస్తా కాగితం తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

"నేను బాగున్నాను. ఏటి ఒడ్డు గుడిసెల పిల్లలకి జ్వరం. కళ్ళు పచ్చబడ్డాయి. పదకొండు మంది ఉన్నారు, నర్సుని నేనొక్కదాన్నే. రాను. చిట్టి."

ఆవిడ రెండుసార్లు చదివి కాగితం మరిదికి అందించింది. అతను చదివాడు. చదివి, మొహం రెండు చేతుల్లో కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నువ్వు తియ్యని రక్తం ఇదేరా," అంది ఎలుకలమ్మ. "తీసి ఉంటే ఆ గుండుసూది ఎర్రగా ఉండేది. చిట్టి లాంచీ ఎక్కేది కాదు."

"నేను వెళతాను వదినా."

"నువ్వెళ్ళి ఏం చేస్తావు? నీ మాట అది వినదు. వినకుండా చేసింది నేను." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నాదీ వింటుందన్న నమ్మకం లేదు. అయినా వెళతాను."

"నువ్వు టీకా కూడా వేయించుకోలేదు."

"వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటేనని తేలిందిగా," అని ఆవిడ రేవువైపు నడిచింది. అతను వెనకాలే రెండడుగులు వేశాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు, రావద్దనీ అనలేదు. టిక్కెట్ల కిటికీ ఇంకా తెరిచే ఉంది.